చెత్త అగ్రిమెంటు మీద మళ్లీ సంతకం పెట్టేముందు: శ్రీకాకుళం హోటళ్ల వాళ్లకి ఒక బహిరంగ లేఖ

పాలకొండ రోడ్డు, ఏడు రోడ్ల కూడలి, డే అండ్ నైట్ జంక్షన్ చుట్టుపక్కల హోటళ్లు, మెస్సులు, కర్రీ పాయింట్లు నడుపుతున్న అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి,

నమస్కారం.

మనం పధ్నాలుగు మందిమి కలిసి చెత్త ఎత్తించుకోడానికి రాసుకున్న అగ్రిమెంటు గడువు వచ్చే నెలాఖరుతో తీరిపోతోంది. కాంట్రాక్టరు పాత కాగితాన్నే మళ్లీ టైపు చేయించి, తేదీలు మార్చి, నెలకి కొంత పెంచి పంపించాడు. మన వాట్సాప్ గ్రూపులో దాని ఫొటో పెట్టిన పది నిమిషాల్లో తొమ్మిది బొటనవేళ్లు లేచాయి. నేను లేపలేదు. ఎందుకు లేపలేదో గ్రూపులో రెండు ముక్కల్లో రాస్తే వెటకారంలా ఉంటుంది. ఫోన్లో చెప్పాలంటే పదమూడుసార్లు చెప్పాలి. అందుకని ఉత్తరం. అందరికీ కనపడేలా ఎందుకంటే, ఊళ్లో ఫంక్షన్ హాళ్ల వాళ్లూ, స్వీటు షాపుల వాళ్లూ ఇంచుమించు ఇదే కాగితం మీద సంతకాలు పెట్టి ఉన్నారు. వాళ్లూ చదువుకుంటారు.

సంక్రాంతి వెళ్లాక నాకు జరిమానా పడిందని మీలో కొందరికి తెలుసు. ఎందుకు పడిందో మాత్రం నేనెవరికీ సరిగ్గా చెప్పలేదు, సిగ్గేసింది. టిఫిన్ల రద్దీ తగ్గి భోజనాలకి ఎసరు పెట్టే వేళ మున్సిపాలిటీ మనిషి ఒకాయన వచ్చి క్యాష్ కౌంటర్ మీద ఒక సంచి పెట్టాడు. సంచిలో ఇంకో కవరు, కవర్లో సాంబారు మరకలతో నాలుగైదు బిల్లు కాగితాలు. నా హోటల్ పేరు, నా జీఎస్టీ నంబరు. టేబుల్ 6, పూరీ రెండు, ఉప్మా పెసరట్టు ఒకటి, కాఫీ మూడు. మామూలుగా ఆ మెషిన్ బిల్లులు రెండు రోజులు జేబులో ఉంటేనే వెలిసిపోతాయి. ఆరోజు మాత్రం ఒక్క అక్షరం చెరగలేదు.

నాగావళి ఒడ్డున తుప్పల్లో రాత్రిపూట ఎవరో ట్రాక్టర్ తొట్టె ఎత్తి బోర్లించేసి పోయారట. ఆ గుట్టలో పేరున్న కాగితాలు నావే దొరికాయి. "నేను కాంట్రాక్టరుకి ఇచ్చానండి" అన్నాను. అగ్రిమెంటు తీసి చూపించాను కూడా. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండు పేజీలూ చదివి, "ఇందులో ఎత్తుకెళ్లాలనే ఉంది కానీ, ఎక్కడికో లేదు కదండీ" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. డబ్బు కట్టి రసీదు తీసుకున్నాను. కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే, డ్రైవరు కొత్తవాడనీ, ఆరోజు చెత్త యార్డు గేటు వేసేసి ఉందనీ చెప్పాడు. అయితే అయ్యుండొచ్చు. కానీ బిల్లు మీద ఉన్నది నా పేరు, అతని పేరు కాదు.

ఆరోజు రాత్రి షట్టర్ దించాక ఆ అగ్రిమెంటు మొదటిసారి పూర్తిగా చదివాను. మూడేళ్ల కిందట సంతకం పెట్టింది నేనే, అయినా చదవడం అదే మొదటిసారి. మీరు చదివి ఉంటే నా కంటే తెలివైనవాళ్లు. వంద రూపాయల స్టాంపు కాగితం, దస్తావేజులు రాసేవాళ్ల భాష. "దుకాణములందు ఉత్పన్నమగు సమస్త చెత్తను ప్రతిదినము తొలగించుటకు" అని ఒక వాక్యం ఉంది. మిగతా అంతా డబ్బు గురించే. ఐదో తేదీలోగా కట్టకపోతే ఏమవుతుంది, పండగ మామూలు ఎంత, రెండు నెలలు కట్టకపోతే ఏం చేస్తారు. చెత్త గురించి రెండు పేజీల్లో ఉన్న ముక్కలు రెండే: "సమస్త", "తొలగించుట". మన తంటా అంతా ఆ రెండు మాటల్లోనే ఉంది.

సమస్త చెత్త అంటే ఏమిటి? మన తాతలు ఈ మాట ఇలా వాడేవాళ్లు కాదు. తిన్న ఆకు ఎంగిలాకు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, మిగిలిన కూర కలిస్తే కుడితి. ఇనుము, డబ్బాలు, సీసాలు తుక్కు. వాకిలి ఊడిస్తే వచ్చేది ఊడుపు. ఒక్కోదానికి ఒక్కో పేరుంది కాబట్టి ఒక్కోదానికి ఒక్కో దారి ఉండేది. మనం అన్నిటికీ కలిపి చెత్త అని ఒక్క పేరు పెట్టి, ఒక్క డ్రమ్ములో వేసి, ఒక్క ట్రాక్టర్ ఎక్కిస్తున్నాం.

మా నాన్నగారి రోజుల్లో హోటల్ వెనక గుమ్మం దగ్గర సిమెంటు తొట్టి ఉండేది. పొద్దున్నా సాయంత్రం పాలామె రెండు బిందెలతో వచ్చి కుడితి పట్టుకెళ్లేది. డబ్బులు ఇచ్చిపుచ్చుకోవడం లేదు. మాకు గుమ్మం శుభ్రం, ఆమె గేదెలకి మేత. దసరాకి మాకు ఒక గిన్నెడు జున్ను పాలు. ఆ ఏర్పాటుకి స్టాంపు కాగితం లేదు, గడువు లేదు, కానీ ఒక షరతు ఉండేది. ఆమే పెట్టింది: "బాబూ, తొట్టిలో ఇంకేటీ ఎయ్యకండి." చాలా ఏళ్లు ఎవరూ వేయలేదు. తర్వాత పార్సిళ్లు మొదలయ్యాయి, సాంబారు కవర్లు వచ్చాయి, కవర్లకి రబ్బరు బ్యాండ్లు వచ్చాయి. ఒకరోజు ఆమె తొట్టిలోంచి ముడి వేసిన కవరు ఒకటి తీసి, ఏమీ అనకుండా గుమ్మం మీద పెట్టి వెళ్లింది. అలా రెండు మూడుసార్లు జరిగింది. ఆ తర్వాత రావడం మానేసింది. మా నాన్నగారు వాళ్ల వీధికి వెళ్లి అడిగారు. "గేదె పోతే ఎవులిస్తారు బాబూ?" అందట. ఆ తొట్టి పగలగొట్టించి అక్కడ డ్రమ్ము పెట్టింది నేనే.

ఇక రూల్స్ సంగతి. చెత్త వేరు చేయడం కొత్తగా మన నెత్తిన పడిందని గ్రూపులో ఒకాయన రాశారు. అది నిజం కాదు. 2016 ఏప్రిల్ 8న వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే హోటళ్లు, రెస్టారెంట్లు అని పేరు పెట్టి మరీ చెప్పారు. ఏడాది లోపల తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలి, వేరుగానే అప్పగించాలి, తడి చెత్తని వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చాలి అని. అంటే 2017 ఏప్రిల్ నాటికే మనం ఈ పని మొదలెట్టి ఉండాలి. మన అగ్రిమెంటు రాసింది దాని తర్వాత చాలా ఏళ్లకి, అయినా ఆ ఊసు అందులో ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు ఆ 2016 నిబంధనల స్థానంలో 2026 నిబంధనలు వచ్చాయి. ఏప్రిల్ 1 నుంచి అమలు. ఇందులో చెత్త నాలుగు రకాలు: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్తతో తీయాల్సినవి. చివరి రెండూ మనకి తక్కువే. పైన లాడ్జి గదులు ఉన్నవాళ్లకి శానిటరీ చెత్త ఉంటుంది, దాన్ని విడిగా చుట్టి విడిగా ఇవ్వాలి. కాలిపోయిన ట్యూబులైట్లు, బల్బులు, కాలం చెల్లిన మందులు లాంటివి నాలుగో రకం. వాటికి ఒక అట్టపెట్టె పెట్టుకుంటే నెలకోసారి తీస్తే చాలు. మన అసలు గొడవ తడి, పొడి.

పెద్దఎత్తున చెత్త వచ్చే సంస్థల లెక్క ఒకటుంది. రోజుకి 100 కేజీలు, అంతకు మించి చెత్త వచ్చినా, రోజుకి 40,000 లీటర్లు, అంతకు మించి నీళ్లు వాడినా, 20,000 చదరపు మీటర్లు, అంతకు మించి కట్టడం ఉన్నా ఆ లెక్కలోకి వస్తారు. మూడిట్లో ఏ ఒక్కటి ఉన్నా చాలు. వాళ్లు ఆన్‌లైన్ పోర్టల్లో నమోదు చేసుకోవాలి, తడి చెత్తని తమ ఆవరణలోనే శుద్ధి చేయాలి. అలా చేసే వీలు లేకపోతే దానికి బదులుగా సర్టిఫికెట్ తీసుకోవాలి. నమోదు లేకుండా నడిపినా, దొంగ లెక్కలు చూపినా పర్యావరణ పరిహారం కట్టాలి.

"వంద కేజీలా! మనదంతా ముప్పై నలభై ఉంటుందేమో" అనుకున్నాను. మీరూ ఇప్పుడు అదే అనుకుంటూ ఉంటారు. అందుకే తూచాను.

ఉల్లిపాయలు వేసే అతన్ని బతిమాలి పాత ఎలక్ట్రానిక్ కాటా ఒకటి తెచ్చుకుని వెనక గుమ్మం దగ్గర పెట్టాను. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి, ట్రాక్టర్ వచ్చేలోపు, క్రితం రోజు డ్రమ్ములు ఒక్కొక్కటీ ఎక్కించి, ఖాళీ డ్రమ్ము బరువు తీసేసి, పాల లెక్కల పుస్తకంలో వెనక పేజీల్లో రాశాను. మొదటి రోజు కుర్రాళ్లు నవ్వారు. సోమవారం 94. ఆదివారం 141. వారం సగటు 112 వచ్చింది. నలభై సీట్లున్న నా హోటల్ సంగతి ఇది. నాకంటే పెద్ద హోటళ్లు మనలో ముగ్గురివో నలుగురివో ఉన్నాయి. వాళ్ల లెక్క వాళ్లే వేసుకోవచ్చు.

ఆ ఆదివారం డ్రమ్ములని నేలమీద టార్పాలిన్ పరిచి బోర్లించి, నేనూ ఇంకో కుర్రాడూ ముక్కుకి గుడ్డ కట్టుకుని వేరు చేశాం. 141లో తడిది 121 కేజీలు. అన్నం, కూర, కూరగాయల తొక్కలు, కరివేపాకు రెల్లలు, టీ పిప్పి, ఆకులు. పొడిది 16. అట్టపెట్టెలు, పాల ప్యాకెట్లు, పేపరు కప్పులు, పార్సిల్ కవర్లు. మిగిలిన నాలుగు కేజీలు ఎందులో వేయాలో తెలియని సరుకు: ఊడుపు, గుడ్డపీలికలు, పగిలిన గ్లాసులు. చేతితో వేరు చేస్తుంటే తెలిసింది, ఆ 121లో చాలావరకు తిండి కూడా కాదు, నీళ్లు. సాంబారు, రసం, మజ్జిగ, చేతులు కడిగిన నీళ్లు.

తర్వాతి వారం డ్రమ్ము మీద చిల్లుల తట్ట ఒకటి పెట్టి, ఎంగిలి అందులో వేసి, అరగంట నీరు దిగాక డ్రమ్ములోకి వేయించాను. కిందికి దిగిన నీళ్లు జాలీ మీంచి తూములోకి. అన్నం వార్చేవాళ్లకి ఎంగిలి వార్చడం ఏం కష్టం? సగటు 81కి దిగింది. "అయితే వంద గీత తప్పించుకోడానికి దారి దొరికిందన్నమాట" అని నా తమ్ముడు వరసయ్యే ఒకాయన అన్నాడు. నాకూ ఆ మాట మొదట తియ్యగానే వినపడింది. కానీ ఆదివారాలు ఇప్పటికీ వంద దాటుతోంది. పైగా, గీతకి కింద ఉన్నా పైన ఉన్నా వేరు చేయాల్సిన పని తప్పదు. నీళ్లు తీసేయడం వల్ల నిజంగా జరిగే మేలు వేరే ఉంది. డ్రమ్ము కారదు, వీధి కంపు కొట్టదు, ఆ తడి చెత్త ఎరువు చేసేవాళ్లకి పనికొస్తుంది. నీళ్లతో నిండిన కుళ్లుని ఎవరూ తీసుకోరు.

పాల ప్యాకెట్ల ముచ్చట ఒకటి చెప్పనివ్వండి. నా దగ్గర రోజుకి అరలీటరు ప్యాకెట్లు అరవై దాకా తెగుతాయి. కాఫీ మాస్టరు కత్తెరతో మూల కత్తిరిస్తాడు, ఆ చిన్న ముక్క ఎగిరిపోతుంది. రోజుకి అరవై ముక్కలు. సింకు జాలీలో కొన్ని, పిండి గిన్నెలో కొన్ని, మిగతావి తడి చెత్తలో. ఆ ముక్కలున్న ఎరువుని ఏ రైతు పొలంలో వేసుకుంటాడు? ఇప్పుడు మూల పూర్తిగా తెగకుండా గాటు మాత్రమే పెట్టమన్నాను. ప్యాకెట్లు ఒక బకెట్ నీళ్లలో ముంచి తీసి తీగ మీద ఆరేస్తున్నాం. నెల తిరిగేసరికి తుక్కు కొట్టు అతను వాటికి డబ్బిచ్చాడు. పెద్ద మొత్తమేమీ కాదు, కుర్రాళ్ల సినిమాకి సరిపోయింది.

నూనె సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తున్నాను. వేపిన నూనెలో పాడైన పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై 1 నుంచి ఆహార భద్రతా సంస్థ నిబంధన ఉంది. రోజుకి 50 లీటర్ల పైన నూనె వేపుళ్లకి వాడేవాళ్లు 2019 మార్చి నుంచి ఆ లెక్కలు రాసి ఉంచాలి, వాడిన నూనెని అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. మనలో చాలామంది ఏం చేస్తాం? నల్లబడిన నూనెని డబ్బాల్లో పోసి బజ్జీల బళ్ల వాళ్లకి తక్కువకి ఇచ్చేస్తాం. నేనూ ఇచ్చాను, చాలా ఏళ్లు. ఆ బండి దగ్గర ఇంటర్ పిల్లలు నిలబడి పునుగులు తింటూ ఉంటే ఒకరోజు చూశాను. అందులో మా మేనకోడలు ఉంది. ఆ తర్వాత ఇవ్వలేదు. అనుమతి ఉన్న సేకరణదారుకి ఇస్తే అది బయోడీజిల్ తయారీకి పోతుంది. ఒక్కడి నూనె కోసం శ్రీకాకుళం దాకా బండి రాదు, పధ్నాలుగు మందివి కలిపి ఒకచోట పెడితే వస్తుంది. కాబట్టి చెత్త అగ్రిమెంటులో "సమస్త" అన్న మాట కింద నూనె రాకుండా విడిగా రాయాలి.

ఇప్పుడు అసలు మాట. నేను కాంట్రాక్టరుని మార్చమనడం లేదు. అతనితో మాట్లాడాను. అతను చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. "మీరు వేరుచేసి ఇస్తే నేను వేరుగా తీసుకెళ్తానండి. మీ కుర్రాళ్లు కలిపేసి ఇస్తారు, నా మనుషులు చేతులెట్టి తియ్యాలా?" అన్నాడు. అతని దగ్గర పనిచేసే ఒకతని చెయ్యి నా డ్రమ్ములోని పగిలిన గ్లాసుకే తెగింది. ఎడమ చేతి చూపుడు వేలు కింద, మూడు కుట్లు. చేతికి తొడుగు లేదు. ఆ గ్లాసు నాది. కాబట్టి తప్పంతా అవతలి పక్కే అని రాయడం లేదు. కానీ మన అగ్రిమెంటు రాసిన తీరులోనే, కలిపేస్తే ఇద్దరికీ లాభం. నెలకి ఇంత అని గుత్తగా ఇస్తున్నాం, వేరుచేస్తే మనకి పైసా తగ్గదు. ఎంత తొందరగా, ఎంత దగ్గర్లో పారబోస్తే అతనికి అంత డీజిల్ మిగులుతుంది. నాగావళి ఒడ్డు యార్డు కంటే దగ్గర.

ఆ లాభం తిరగబడేలా రాయాలి. గుత్త తీసేసి తూకం మీద రేటు పెడదాం. వేరుచేసిన తడి చెత్తకి తక్కువ రేటు, కలిపేసిన డ్రమ్ముకి దాదాపు రెట్టింపు. కలిపేసిన డ్రమ్ము ఎత్తనని చెప్పే హక్కు అతనికి ఉండాలి. వేరుగా ఇచ్చిందాన్ని అతను తొట్టెలో కలిపేస్తే ఆ రోజు డబ్బు కోసే హక్కు మనకి ఉండాలి. రోజూ తూకం చీటీ రెండు ప్రతులు, ఇద్దరి సంతకాలు. తడి రోజూ, పొడి వారానికి మూడుసార్లు. పొడిది కడిగి ఆరబెట్టి ఉంచితే మూడు రోజులైనా వాసన రాదు. ట్రాక్టర్ తొట్టెలో మధ్యన చెక్క అడ్డు పెట్టించడానికి అయ్యే ఖర్చు మనమే పంచుకుందాం, పెద్ద ఖర్చు కాదు. మనుషులకి తొడుగులు, బూట్లు అతను ఇవ్వాలని రాయాలి. ఇవ్వకపోతే మనం కొని బిల్లులో కోసుకుంటామని కూడా రాయాలి. రెండోది రాయకపోతే మొదటిదానికి విలువ లేదు.

అన్నిటికంటే ముఖ్యం, "తొలగించుట" అనే మాట పక్కన "ఎక్కడికి" అనేది రావాలి. తడి చెత్త ఏ ఎరువు కేంద్రానికి, పొడి ఏ కేంద్రానికి లేదా ఏ తుక్కు కొట్టుకి. నెలాఖరుకి బిల్లుతోపాటు అక్కడి రసీదులు జత చేయాలి. రసీదు లేకపోతే బిల్లు కట్టం. రేపు ఎవరైనా సంచి పట్టుకుని కౌంటర్ దగ్గరికి వస్తే మనం చూపించాల్సింది అగ్రిమెంటు కాదు, ఆ రసీదు. పధ్నాలుగు హోటళ్ల తడి చెత్త ఒకచోట చేరిస్తే సొంతంగా ఒక చిన్న గ్యాసు ప్లాంటుకి సరిపోతుందేమో అని కూడా ఆలోచిస్తున్నాను. స్థలం మున్సిపాలిటీ ఇస్తుందో లేదో అడిగితే కదా తెలిసేది. అది ఈ నెలలో తేలే పని కాదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

గడువు మూడేళ్లు వద్దు, ఏడాది చాలు. నిబంధనలు మారితే మధ్యలో కూర్చుని మార్చుకోవచ్చని ఒక వాక్యం.

అట్టపెట్టెలు, నూనె డబ్బాలు కుర్రాళ్లు అమ్ముకుంటారు కదా, అవి కాంట్రాక్టరుకి పోతాయా అని ఒకరిద్దరు అడిగారు. పాత అగ్రిమెంటు ప్రకారం అవి కూడా "సమస్త"లోకే వస్తాయి, ఎవరూ గమనించలేదంతే. కొత్తదాంట్లో తుక్కు హోటల్ వాళ్లదే అని తేల్చి రాద్దాం. కుర్రాళ్ల టీ ఖర్చు వాళ్లకే ఉండనిద్దాం.

"చెత్త పన్ను తీసేశారు కదా, ఇంక మనకి ఈ గొడవేంటి?" అని ఒక అన్నగారు వాయిస్ మెసేజ్ పెట్టారు. అన్నగారూ, 2021 అక్టోబరు 2న క్లాప్, అంటే క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలైంది, దాంతోపాటు మనం చెత్త పన్ను అని తిట్టుకున్న వసూలూ వచ్చింది. 2024లో దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. పన్ను పోయింది, వేరు చేయాల్సిన బాధ్యత పోలేదు. ఆ రెండిటికీ ముడి పెట్టకండి. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర అని చీపుర్లు పట్టుకుని ఫొటోలు దిగుతున్నాం. నాది కూడా ఉంది, బానే వచ్చింది. ఆ ఫొటోలో నా వెనక కనపడే డ్రమ్ములో అప్పటికి అన్నీ కలిపే ఉన్నాయి.

పార్సిల్ కవర్ల విషయం కూడా ఇందులోనే చూసుకోండి. 120 మైక్రాన్ల కంటే తక్కువ మందం ఉన్న ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. ప్లాస్టిక్ స్పూన్లు, గ్లాసులు, ప్లేట్లు అదే ఏడాది జులై 1 నుంచే నిషేధం. వేరుచేసిన పొడి చెత్తలో అవి కనపడితే మనమే మన మీద సాక్ష్యం మూటకట్టి ఇచ్చినట్టు. కొనడం మానేస్తే ఎత్తించే పని ఉండదు.

"కుర్రాళ్లు వినరు, నెలకొకడు మారిపోతాడు" అన్న బాధ నాకూ ఉంది. నా దగ్గర పనిచేసేవాళ్లలో సగం మంది ఒడిశా నుంచి, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చినవాళ్లు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. డ్రమ్ముల మీద తడి, పొడి అని పెయింటుతో రాయించాను. రెండు రోజులు తిరగకుండా అన్నీ కలిసిపోయాయి. తర్వాత పచ్చ డ్రమ్ము పైన గోడకి ఒక అరిటాకు ముక్క మేకుకి తగిలించాను, నీలం డ్రమ్ము పైన ఖాళీ పాల ప్యాకెట్. ఆకు రెండు రోజులకోసారి ఎండిపోతుంది, మార్చాలి. మార్చే పని ఒక కుర్రాడికి అప్పగించాను. ఇప్పుడు అతను మిగతావాళ్లని తిడుతున్నాడు, నాకు ఆ శ్రమ తప్పింది. కస్టమర్ల దగ్గర మాత్రం ఇంకా ఓడిపోతూనే ఉన్నాను. ఎంగిలి ఆకులో వాటర్ బాటిల్ మూతలు, టిష్యూలు పెట్టి మడిచేస్తారు. దానికి నా దగ్గర మందు లేదు. మీలో ఎవరికైనా దొరికితే చెప్పండి.

ఖర్చు పెరుగుతుందా? మొదటి రెండు నెలలు పెరుగుతుంది. వార్చిన చెత్తకి తూకం రేటు పెట్టాక నా లెక్క ప్రకారం ఇప్పటి గుత్తకి కొంచెం అటూ ఇటూగా నిలుస్తుంది. మీ లెక్క వేరుగా ఉండొచ్చు. అందుకే ముందు తూచమంటున్నాను. తూచకుండా రేటు మాట్లాడితే అతను చెప్పిందే తూకం అవుతుంది.

ఈ మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకి, భోజనాల సర్దుబాటు అయ్యాక, మా హోటల్ పైగదిలో కూర్చుందాం. కాంట్రాక్టరుని నాలుగున్నరకి రమ్మన్నాను, ముందు గంట మనలో మనం మాట్లాడుకోడానికి. పాత అగ్రిమెంటు పధ్నాలుగు జిరాక్సులు తీయించి ఉంచాను, "సమస్త" కింద ఎర్ర గీత గీసి. అప్పటిదాకా ఎవరూ కొత్తదాని మీద సంతకం పెట్టకండి, ఇంటికొచ్చి అడిగినా సరే. పెట్టేసినవాళ్లు ఉంటే మొహమాటపడకుండా చెప్పండి, ఏం చేయొచ్చో చూద్దాం.

కాటా నా దగ్గరే ఉంది. ఉల్లిపాయల అతను ఇంకో నెల ఉంచుకోమన్నాడు. రేపు పొద్దున్న ఎవరికి కావాలో గ్రూపులో పెట్టండి, కుర్రాడితో పంపిస్తాను. మూడు రోజులు ఒకరి దగ్గర, తర్వాత పక్కవారికి. ఎడమ పక్క కాలు కొంచెం వంకర, కింద అట్ట ముక్క పెట్టుకోండి, లేకపోతే రెండు కేజీలు ఎక్కువ చూపిస్తుంది.

ఇట్లు,
మీలో ఒకడు,
పాలకొండ రోడ్డు, శ్రీకాకుళం